బెలూన్‌తో ఊపిరితిత్తుల పాఠం

పిల్లలకు ఊపిరితిత్తుల గురించి నోటితో చెప్పే బదులు ఇది చేసి చూపించండి. లీటరు నీళ్ల బాటిల్ అడుగు కోసేయండి (కత్తెర పని పెద్దవాళ్లదే). ఒక బెలూన్‌ను లోపలికి వేలాడేలా దింపి, దాని అంచును బాటిల్ మూతికి తొడగండి. ఇంకో బెలూన్ మెడ కత్తిరించి, మిగిలిన రబ్బరును కోసిన అడుగు వైపు బిగుతుగా తొడిగి చుట్టూ టేపు వేయండి. గాలి దూరే సందు ఉంటే పని చేయదు, తేడా కొట్టేది సాధారణంగా ఇక్కడే.

కింది రబ్బరును మెల్లగా లాగితే లోపలి బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. మనం ఊదలేదు కదా, గాలి ఎలా వెళ్లిందని అడగండి. వాళ్లే ఏదో ఒకటి చెప్తారు, చెప్పనివ్వండి. లోపలి బెలూన్‌లాగే ఊపిరితిత్తులు కూడా వాటంతట అవి ఉబ్బలేవు. మనం లాగిన రబ్బరులా, వాటి కింద ఉండే ఉదరవితానం అనే కండరం కిందికి దిగితే ఛాతీలో చోటు పెరుగుతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే ఆ కదలిక తెలుస్తుంది.

ఇక పొగ సంగతి చెప్పడం తేలిక. తలుపులు మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగిస్తే ఆ పొగంతా పీల్చేది మనమే, దోమతెర నయం. శబ్దం రాదు కదా అని దీపావళికి పసిపిల్లల చేత కాల్పించే పాముబిళ్లల పొగ మరీ ఘోరం, నా మాట విని అవి కొనకండి. పరుగెత్తాక గానీ రాత్రిపూట గానీ మాటిమాటికీ దగ్గు, పిల్లికూతలు వస్తుంటే మాత్రం సిరప్‌తో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి.