మోహనలో ధైవతం ఎందుకు కలవదు? ఐదు స్వరాల ఎడాలకు శ్రుతి లెక్క

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో భజన అంటే శ్రుతికి హార్మోనియమే. మోహన రాగానికి సరిగపద, ఐదే స్వరాలు. అయినా ఒక చోట కుదిరిన ధైవతం ఇంకో చోట గరగరలాడుతుంది.

స్వరం పేరొక్కటే తెలిస్తే ఈ తప్పు దొరకదు, స్వరాల మధ్య ఎడాన్ని లెక్కగట్టాలి. ఒక స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, 22 శ్రుతులు (ఇక్కడ శ్రుతి అంటే స్వరాల ఎడాన్ని కొలిచే చిన్న మెట్టు). రెండు స్వరాల కంపన సంఖ్యల మధ్య 10/9 నిష్పత్తి ఉంటే మూడు శ్రుతుల ఎడం, 9/8 నాలుగు, 32/27 ఐదు, 6/5 ఆరు. ఏ రెండు స్వరాల మధ్యైనా కూడితే 13 వచ్చిందా, అది శుద్ధమైన పంచమ భావం, అంటే స-ప మధ్య ఉండే పొందిక (3/2). 9 వస్తే మధ్యమ భావం, అంటే స-మ పొందిక (4/3).

సమస్య: గ-ద హాయిగా కలుస్తాయి, రి-ద కలవవు

కారణం: ద షడ్జానికి 5/3 దగ్గర ఉంది. అప్పుడు స-రి, రి-గ, గ-ప, ప-ద, ద-పై స ఎడాలు వరసగా 4, 3, 6, 3, 6. గ నుంచి దకు 6+3=9, సరిపోయింది. రి నుంచి దకు 3+6+3=12, ఒకటి తగ్గింది. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుంటే రి 270, ద 400. రి-ద 3/2గా కలవాలంటే రికి మూడింతలు, దకు రెండింతలు సమానం కావాలి. కానీ రికి మూడింతలు 810, దకు రెండింతలు 800. ఆ తేడాయే సెకనుకు 10 విస్పందనాలుగా (ధ్వని హెచ్చుతగ్గుల అలలుగా) చెవికి తగులుతుంది.

పరిష్కారం: దను 405కి (27/16) ఎక్కించండి. ఎడాలు 4, 3, 6, 4, 5 అవుతాయి, రి-ద 13కి వస్తుంది. కానీ ఇప్పుడు గ-ద 10 అయి, అక్కడ సెకనుకు 15 విస్పందనాలు మొదలవుతాయి. ఈ 81/80 తేడాయే ప్రమాణ శ్రుతి, దాదాపు 21.5 సెంట్లు (స్థాయికి 1200 సెంట్లు). దాన్ని ఒక జంట నుంచి ఇంకో జంటకు జరపగలం గానీ పోగొట్టలేం. అందుకే పాటలో ద ఎవరి తోడుగా నిలుస్తుందో చూసి తేల్చుకోవాలి. గాత్రానికైతే ఒకే పాటలో రెండూ పలకొచ్చు. ఎటూ తేలకపోతే 5/3 వైపే మొగ్గండి, షడ్జం మోగుతుండగా సూటిగా కలిసేది అదే.

సమస్య: హార్మోనియంతో గాంధారం గరుకు

కారణం: పెట్టెలో గ 400 సెంట్లు, 5/4 గాంధారం 386. పరిష్కారం: పాడేవాళ్లు గ మీద నిలిచినప్పుడు ఆ మెట్టు వదిలి స-ప మాత్రం పట్టండి. రీడును మొదట్లో గీకితే స్వరం దిగుతుంది నిజమే, కానీ కట్టై (పాడే ఆధార షడ్జం) మార్చగానే అదే రీడు ఇంకో స్వరమై తప్పు పలుకుతుంది. గీకవద్దు.

సమస్య: కిన్నెర (మెట్లున్న తీగ వాద్యం) మెట్టు లెక్కప్రకారమే పెట్టినా స్వరం ఎక్కువ

కారణం: వేలితో నొక్కినప్పుడు తీగ బిగువెక్కుతుంది. 60 సెంటీమీటర్ల తీగకు గుర్రం (తీగను మోసే చెక్క) నుంచి గ 48, ప 40, ద 36 దగ్గర రావాలి. 27/16 ధైవతమైతే 35.56. రెండు ధైవతాల మధ్య నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా లేవు.

పరిష్కారం: మెట్టును అతికించిన మైనం మెత్తబడేంత వేడి చూపి, మెట్టును గుర్రానికి కాస్త దూరంగా జరపండి. పక్క తీగను షడ్జానికి కట్టి రెండూ కలిపి మీటుతూ ముందు ప సరిచూసుకోండి. అక్కడ విస్పందనాలు ఆగాకే ద జోలికి వెళ్లండి.