బెంగళూరులో సెకండ్ హ్యాండ్ సూపర్ కారు: కొనే ముందు, కొన్నాక

కొత్తలో కోటిన్నర పలికిన బండి పదేళ్లు తిరిగేసరికి సగం రేటుకు దిగొచ్చు. కానీ దాని బ్రేక్ డిస్కు రేటు దిగదు, క్లచ్ రేటు దిగదు, లేబర్ ఛార్జి అసలే దిగదు. సెకండ్ హ్యాండ్‌లో పోర్షే, ఆడి ఆర్8, లంబోర్గినీ లాంటివి చూస్తున్నవాళ్లు అన్నిటికన్నా ముందు బుర్రకెక్కించుకోవాల్సింది ఇదే. కొనేటప్పుడు పాత బండి రేటు ఇస్తారు, మెయింటెనెన్స్ మాత్రం కొత్త బండి రేటులోనే ఉంటుంది. అందుకే చేతిలో ఎనభై లక్షలుంటే అరవై, అరవై అయిదు లక్షల బండి చూడండి, మిగతా డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మొదటి ఏడాదే టైర్లు, ఆయిళ్లు, బ్యాటరీ, సస్పెన్షన్ అంటూ ఆ డబ్బు అడుగుతుంది. ఆ పక్కన పెట్టేది లేకపోతే ఇంకో రెండేళ్లు ఆగండి, మార్కెట్లో బండ్లు ఎక్కడికీ పోవు.

ఇక ఏ బండి అంటే, మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది పోర్షే 911 లేదా కేమన్, అది కాకపోతే ఆర్8. పోర్షే, ఆడి, లంబోర్గినీ మూడింటికీ బెంగళూరులోనే షోరూములున్నాయి, బయట కూడా జర్మన్ బండ్లు బాగా తెలిసిన గ్యారేజీలు దొరుకుతాయి. ఊళ్లో చెయ్యిపెట్టేవాడు లేని బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు, చిన్న సెన్సర్ పోయినా ట్రక్కెక్కించి ముంబై పంపాల్సి వస్తుంది. 911లో మోడల్ సంవత్సరం చాలా ముఖ్యం. 2008 దాకా వచ్చిన మామూలు 911, బాక్స్‌టర్, కేమన్ ఇంజిన్లలో ఐఎంఎస్ బేరింగ్ అని ఒకటుంటుంది, అది విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. అన్నిటికీ పోతుందని కాదు, కానీ పోయినప్పుడు బాగుచేయించేది ఏమీ మిగలదు. 2009 మోడల్ నుంచి ఇంజిన్ డిజైనే మారింది, ఆ గొడవ లేదు. అదే కాలపు 911 టర్బో, జీటీ3లలో వేరే ఇంజిన్ ఉండేది కాబట్టి వాటికీ ఈ భయం లేదు.

గేర్‌బాక్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, బెంగళూరులో బండిని నిలబెట్టేదీ ముంచేదీ అదే. లంబోర్గినీ గలార్డోలో ఇ-గేర్, ఫెరారీ ఎఫ్430లో ఎఫ్1, 2012 దాకా ఆర్8లో ఆర్-ట్రానిక్, పేర్లు వేరైనా ఈ మూడూ ఒకటే రకం. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్, మీ కాలు తొక్కాల్సిన క్లచ్‌ని ఒక హైడ్రాలిక్ పంపు తొక్కుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్లో అడుగడుగునా ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఆ క్లచ్ అరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్‌కి మీలాగా క్లచ్ మీద జాలి ఉండదు. హైవే మీదే తిరిగిన బండికి ఏళ్ల తరబడి వచ్చే క్లచ్, రోజూ ఆఫీసుకు తీసుకెళ్తే ఏడాదిలోనే అయిపోవచ్చు. కాబట్టి డ్యుయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవే చూడండి: 2009 మోడల్ నుంచి వచ్చిన 911 పీడీకే (పోర్షే డ్యుయల్ క్లచ్ పేరు అదే), 2013 ఫేస్‌లిఫ్ట్ నుంచి వచ్చిన ఆర్8, ఫెరారీ అయితే 458, లంబోర్గినీ అయితే హురాకాన్. లేదంటే అచ్చమైన మాన్యువల్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి, అలాంటివి దొరకడమే కష్టం.

బండి నచ్చిందా, ఇప్పుడు దాన్ని వదిలేసి కాగితాలు చూడండి. ఇక్కడే చాలామంది మునుగుతారు. కర్ణాటకలో ఇరవై లక్షలు దాటిన పెట్రోల్ కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం, దాని మీద మళ్లీ సెస్సు. దాన్ని తప్పించుకోవడానికి పుదుచ్చేరి అడ్రస్ మీద రిజిస్టర్ చేసిన బండ్లు ఊళ్లో బోలెడు తిరిగాయి, అవే ఇప్పుడు చేతులు మారుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో రవాణా శాఖ ఒకేసారి ముప్పై దాకా లగ్జరీ కార్లు పట్టుకుంది, అందులో ఫెరారీలు, పోర్షేలు ఉన్నాయి. అదే ఏడాది జూలైలో మహారాష్ట్ర నంబరుతో ఇక్కడ తిరుగుతున్న ఒక ఫెరారీ ఎస్‌ఎఫ్90 ఓనర్ దాదాపు 1.42 కోట్ల ట్యాక్స్ కట్టి బండి విడిపించుకున్నాడు. ఆ మొత్తానికి ఇంకో సూపర్ కారే వచ్చేది.

మనవాళ్లు ఎక్కువగా వేసే ప్లాన్ ఇంకోటి ఉంది: హైదరాబాద్‌లో కొందాం, ఆ నంబరుతోనే ఇక్కడ తిప్పేద్దాం అని. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. ఆ ఏడాది కూడా ఎవరైనా ఆపి అడిగితే బండి ఎప్పుడు వచ్చిందో మీరే చూపించుకోవాలి, అందుకని బోర్డర్ దాటిన రోజు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచిపెట్టుకోండి. వేరే రాష్ట్రం నుంచి తెస్తే ఇక్కడి ట్యాక్స్ బండి వయసును బట్టి తగ్గుతుంది, కానీ లెక్క మొదలయ్యేది మీరు ఇచ్చిన రేటు నుంచి కాదు, కొత్తప్పటి ధర నుంచి. ఈ మొత్తం ఆర్టీవోలో ముందే తెలుసుకుని బండి రేటులో కలుపుకోండి. ఢిల్లీ బండ్లు చవగ్గా కనిపించడానికి సగం కారణం ఇదే. పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద అక్కడున్న ఆంక్షల భయం మిగతా కారణం.

ఇంపోర్ట్ బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ అడగండి. ఆ బండి పోర్టులో దిగినప్పుడు కస్టమ్స్ డ్యూటీ కట్టారనడానికి అదే సాక్ష్యం. అందులో ఛాసిస్ నంబరు, ఆర్సీలో నంబరు, బండి మీద కొట్టిన నంబరు మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద తెచ్చిన బండిని రెండేళ్ల దాకా అమ్మకూడదు. కార్నెట్, అంటే కొన్నాళ్లకే తెచ్చి తిరిగి తీసుకెళ్లే పర్మిట్ మీద వచ్చిన బండి అసలు ఇక్కడ ఉండిపోవడానికి వచ్చింది కాదు, దాన్ని కొనడమంటూ లేదు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చాయని అనుమానించిన బండ్ల కోసం దాడులు చేశారు. అలాంటి కేసుల్లో బండి ఎవరి దగ్గరుంటే వాళ్లింటి ముందే ఆఫీసర్లు దిగుతారు. అమ్మినవాడు "అన్నీ క్లియర్ సార్" అన్న మాట అప్పుడు పనికిరాదు.

ఫారాలు: వేరే రాష్ట్రానికి ఎన్‌ఓసీ ఫారం 28, ఓనర్షిప్ మార్పుకు 29, 30, లోన్ ఉండి తీరితే ఫారం 35. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి, చివర్లో గట్టి మొత్తమే ఆపి ఆర్సీ మీ పేరు మీదకు వచ్చాకే ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించండి. రెండు లక్షలు, ఆపైన క్యాష్‌లో తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. సగం క్యాష్ ఇస్తే రేటు తగ్గిస్తాననేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు బండి. ఉదయాన్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే దాచడానికి ఏదో ఉందనుకోవాలి. ఆ తర్వాత అమ్మేవాడి గ్యారేజీకి కాదు, మీరు ఎంచుకున్న గ్యారేజీకి తీసుకెళ్లి లిఫ్ట్ ఎక్కించండి. అండర్ ట్రే విప్పించండి, దాని మీద గీతలు చూస్తే ఊళ్లో ఎన్ని స్పీడ్ బ్రేకర్లకు తగిలిందో తెలిసిపోతుంది. పోర్షే అయితే కంపెనీ స్కానర్ పెట్టించి ఓవర్ రెవ్ రిపోర్ట్ తీయించండి. ఇంజిన్‌ని ఎన్నిసార్లు హద్దు దాటించారో ఒకటి నుంచి ఆరు రేంజీలుగా అందులో ఉంటుంది. నాలుగు, అయిదు, ఆరులో అంకెలుంటే, అందులోనూ ఈమధ్యవి అయితే, బండి వదిలేయండి.

అదే రిపోర్టులో ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో కూడా ఉంటుంది. మీటరు 18,000 కిలోమీటర్లు చూపిస్తూ ఇంజిన్ 1,200 గంటలు తిరిగితే సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు. ఆదివారం హైవే మీద తప్ప బయటికి తీయలేదని చెప్పిన బండికి సగటు 15 ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి మీటరు తిప్పి ఉండాలి, లేదా రోజూ ట్రాఫిక్‌లో నలిగి ఉండాలి. మీటర్లో మరీ తక్కువ కిలోమీటర్లు ఉన్నా మురిసిపోకండి. కదలకుండా ఏళ్ల తరబడి నిలబడిన బండికి సీళ్లు, హోసులు ఎండి గట్టిపడతాయి.

ఇ-గేర్, ఆర్-ట్రానిక్ లాంటి సింగిల్ క్లచ్ బండి అయితే క్లచ్ ఎంత శాతం అరిగిందో స్కానర్ చెబుతుంది, ఆ స్క్రీన్ ఫోటో తీసుకోండి. టైరు మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో దించండి. కార్బన్ సిరామిక్ డిస్కు అరిగిందో లేదో కంటికి తెలియదు, దాన్ని విప్పి తూకం వేయాలి. ఎంత బరువు కంటే తగ్గకూడదో డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. పెయింట్ మందం చూసే మీటర్లలో చవకరకం ఇనుము మీదే పనిచేస్తుంది, ఆర్8, హురాకాన్ బాడీలో ఎక్కువ భాగం అల్యూమినియం కాబట్టి దానికి తగ్గ మీటరు ఉన్నవాణ్ణి పిలవండి. 2000ల నాటి ఫెరారీలో బటన్లు వేలికి బంకలా అంటుకుంటాయి. అది ఆ కాలపు ప్లాస్టిక్ మీది పూత గుణం, దానికి భయపడక్కర్లేదు.

వరద బండి సంగతి మాత్రం బాగా పట్టించుకోండి. 2022 సెప్టెంబరు వానలకు యెమలూరు దగ్గర ఎప్సిలాన్ విల్లాల్లో కోట్ల విలువైన కార్లు నీళ్లలో నిలబడటం దేశమంతా చూసింది. చెన్నైలో 2015లో, మళ్లీ 2023 మిచాంగ్ తుపానులో అదే జరిగింది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. చుట్ట లోపలుండే ఆ చివరి జానెడు ఎప్పుడూ బయటికి రాదు, కడగడానికి ఎవరికీ గుర్తురాదు, మట్టి చార ఉంటే అక్కడే దొరుకుతుంది. సీటు కింద రైలు బోల్టులకు తుప్పు, కార్పెట్ ఎత్తితే ఒండ్రు, హెడ్‌ల్యాంపులో నీటి మరక, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంకేం చూడనక్కర్లేదు.

ఇన్సూరెన్స్‌లో అయిదేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) దొరకడం కష్టం, అడిగి చూడండి. నీళ్లు చేరి ఇంజిన్ పోతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం దొరికితే వదలొద్దు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి, క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది.

కొన్నాక మొదటి సమస్య మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు. ఈ బండ్ల గ్రౌండ్ క్లియరెన్స్ 11, 12 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, అలా కడితే ఏ బండైనా దాటుతుంది. మన లేఅవుట్లలో సిమెంటు పోసి కట్టేవి ఏ లెక్కకూ లొంగవు. అడ్వాన్స్ ఇచ్చే ముందే బండిని మీ బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కించి దించి చూడండి. ముందు భాగం లేపే లిఫ్ట్ ఆప్షన్ ఉన్న బండికి కాస్త ఎక్కువిచ్చినా పరవాలేదు.

బేస్‌మెంట్‌లో మీ స్లాట్ దగ్గర ప్లగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి, బ్యాటరీ చార్జర్ ఎప్పుడూ తగిలించి ఉండాలి. 911లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ పూర్తిగా దిగితే డిక్కీ రాదు, డిక్కీ రాకపోతే బ్యాటరీ అందదు. అప్పుడు లోపల ఫ్యూజ్ బాక్సులో బయటికి లాగే ప్లస్ టెర్మినల్ ఒకటుంటుంది, దానికి వేరే బ్యాటరీ ఇచ్చి డిక్కీ తెరవాలి. ఇది అవసరం రాకముందే ఒకసారి చేసి చూసుకోండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బోన్లు పెట్టండి. పెట్రోలు ఇప్పుడు మామూలుగా దొరికేది ఇ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపింది. బండితో వచ్చిన ఓనర్ మాన్యువల్ పుస్తకంలో ఇ10 దాకానే అని ఉన్న బండికి 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100 లాంటిది వెతుక్కోండి, ఇథనాల్ కలపనిదేనా అని బంకులో అడిగి కొట్టించండి.

నడపకుండా దాచకండి. వారానికోసారైనా అరగంట తిప్పాలి, ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ని 3,000 ఆర్‌పీఎం దాటించకూడదు. నీళ్ల టెంపరేచర్ ముందే సరిపోయినట్టు చూపిస్తుంది, ఆయిల్‌కి ఇంకా టైం పడుతుంది. ఆదివారం తెల్లవారకముందే హెబ్బాళ్ దాటి హైదరాబాద్ హైవే ఎక్కితే చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర ఎడమకు తిరిగి లేపాక్షి వెళ్లి టిఫిన్ వేళకు తిరిగి బయల్దేరొచ్చు. ఈ బండ్లకు ఇంతకన్నా మంచి రోడ్డు దగ్గర్లో లేదు. వారాంతం నంది హిల్స్ వద్దు, పైకెళ్లే క్యూలోనే క్లచ్ సగం అయిపోతుంది. నిజంగా వేగం కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్లండి, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మామూలు పాలసీలోకి రావని తెలిసి వెళ్లండి.

బయల్దేరేముందు టో హుక్ బండిలోనే ఉందా చూసుకోండి, దాన్ని బిగించే మూత బంపర్లో ఎక్కడుందో కూడా. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకునేటప్పుడు బండి మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వస్తుందా అని అడిగి, రాతలో తీసుకోండి. ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే బండి వస్తే తాళం ఇవ్వకండి, ఎంత రాత్రైనా ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఆగండి.