దసరాకు ఊరెళ్ళే ముందు: మేత పురుగుల డబ్బా ఖాళీ చేసేవారికి జాగ్రత్తలు

పోయిన ఆదివారం నర్సంపేట దగ్గర మా అక్క వాళ్ళ ఊళ్ళో గేదెల కోసం ఉంచిన తవుడు సంచి మూతి విప్పితే, పైపొర మీద నల్లటి పెంకు పురుగులు పాకుతున్నాయి. చేయి లోపలికి పోనిచ్చి పిడికెడు తీస్తే పసుపుపచ్చని పురుగులు, అవి విడిచిన పొరలు వచ్చాయి. పక్కనున్న జొన్నపిండి డబ్బాలోనూ అవే ఉన్నాయి. హన్మకొండలో లెపర్డ్ గెకో అనే బల్లిని పెంచుతున్న మా మేనల్లుడు జూన్ నెలాఖరులో ఊరికి వచ్చినప్పుడు, దానికి మేతగా తవుడులో ఉంచే మీల్‌వార్మ్ పురుగుల డబ్బాలో కంటికి కనిపించిన ప్రతి పురుగునూ ఏరి కోళ్ళకు వేసి, మిగిలింది తవుడే కదా అని దాన్ని ఆ సంచిలో కలిపాడు. వాడు అశ్రద్ధ చేశాడనలేను, గంటసేపు కూర్చుని ఏరాడు. అయితే ఏరినవి పురుగులు, కలిపినవి గుడ్లు.

ఈ ఆరేళ్ళలో నేను చూసిన నష్టాలు దాదాపు అన్నీ డబ్బా ఖాళీ చేసిన రోజున మొదలైనవే. వాటికి కారణం కూడా ఒక్కటే, పురుగు పోతే పని అయిపోయిందనుకోవడం. మీల్‌వార్మ్ పెంకు పురుగు పెట్టే గుడ్డు జిగటగా ఉంటుంది. పెట్టగానే దానికి తవుడు నలుసులు అంటుకుంటాయి కనుక, అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూసినా గుడ్డేదో తవుడేదో తేలదు. ఒక్కో ఆడ పురుగు తన జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు వారాల్లో బయటికి వచ్చే పిల్ల దారపు పోగంత సన్నగా ఉండి, జల్లెడ పట్టినా తవుడుతో పాటే కిందికి జారిపోతుంది. అది పెరిగి మళ్ళీ పెంకు పురుగు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, జూన్‌లో జరిగిన పొరపాటు దసరా ముందు బయటపడుతుంది; అప్పటికి డబ్బా సంగతి ఎవరికీ గుర్తుండదు.

మేతగా పెంచే కీచురాళ్ళ విషయంలో గుడ్లుండేది తవుడులో కాదు, తడి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొడిలో. ఆడ కీచురాయికి వెనుక సూదివంటి గొట్టం ఉంటుంది. దాన్ని తడిలోకి దించి, నూకకన్నా చిన్నగా, తెల్లగా ఉండే గుడ్లు పెడుతుంది. 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే అవి రెండు వారాల్లోపే పగులుతాయి. ఆ కోకోపీట్‌ను తులసి కుండీలో పోసి, ఆ తర్వాత రాత్రుళ్ళు ఇంట్లో కీచుమనే చప్పుడు ఎక్కడిదని వెతికినవారిని నేనెరుగుదును. మేతగానే పెంచే డూబియా బొద్దింక గుడ్లను బయట వదలక పిల్లలనే కంటుంది, అయితే ఆ పిల్లలు డబ్బాలో పెట్టే కోడిగుడ్ల అట్టల మడతల్లో దాక్కుంటాయి. రెడ్ రన్నర్ బొద్దింక గుడ్ల తిత్తులను పొట్టులో వదిలేస్తుంది, కనుక అది ఇంకా ప్రమాదకరం. మీల్‌వార్మ్‌ను పోలిన, దానికన్నా పెద్దదైన సూపర్‌వార్మ్‌ది వేరే తీరు: గుంపులో ఉన్నంతకాలం అది పెంకు పురుగయ్యే ముందుండే ప్యూపా దశకు పోదు, ఒంటరిగా మిగిలితేనే పోతుంది. అంటే బీరువా కిందికి దూరిన ఆ ఒక్కటే రేపు పెంకు పురుగవుతుంది.

కాబట్టి పురుగులతో పాటు తవుడు, కోకోపీట్, గుడ్ల అట్టలు, ఎండిన క్యారెట్ ముక్కలు అన్నిటినీ సంచిలో కట్టి, ఆ సంచిని మరో సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర పురుగులకు రెండు రోజులు చాలు. తవుడు మాత్రం చలిని లోపలికి త్వరగా పోనివ్వదు కనుక, రెండు వేళ్ళ మందాన పలుచగా పరిచి నాలుగు రోజులుంచాలి. మధ్యలో చాలాసేపు కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐస్ అరలో అంత చలి ఉండకపోవచ్చు, అందువల్ల అక్కడైతే వారం రోజులుంచడం మంచిది. ఫ్రీజర్ లేనివారు పాత బకెట్‌లో వేసి, సలసల కాగే నీళ్ళు మునిగేలా పోసి, కర్రతో కలియబెట్టి, చల్లారేదాకా వదిలేయాలి.

ఫ్రిజ్ కింది అరలో పెట్టి చంపామనుకోవద్దు. మీల్‌వార్మ్ అక్కడ నిద్రపోతుంది, బయటికి తీస్తే లేస్తుంది.

టాయిలెట్‌లో పోసి నీళ్ళు వదలవద్దు. మోరీలో పారబోయవద్దు.

జాలిపడి భద్రకాళి చెరువు గట్టునో, పార్కులోనో వదలవద్దు. డూబియా, సూపర్‌వార్మ్ మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాల నుంచి వచ్చినవి. వాటిని ఇక్కడి నేల మీద వదిలే హక్కు మనకు లేదు.

బొద్దింకల మందు కొట్టవద్దు. ఆ పురుగును తిన్న కోడి పోవచ్చు, ఆ గాలి తగిలిన గెకో కూడా పోవచ్చు.

కీచురాళ్ళు ఒక్కసారిగా గుంపుగా చచ్చిపోతే అది వైరస్ కావచ్చు. ఆ డబ్బాలోని ఏ వస్తువునూ మళ్ళీ వాడవద్దు, చచ్చినవాటిని జంతువుకు వేయవద్దు.

తినకుండా మిగిలిన కీచురాళ్ళను రాత్రికి జంతువు దగ్గర ఉంచవద్దు. అవి దాని వేళ్ళను, కనురెప్పలను కొరుకుతాయి.

తవుడు దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆస్తమా ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి.

అడుగు తవుడును పశువుల దాణాలో కలపవద్దు, పెంటకుప్ప మీద పోయవద్దు, ఉట్టి తవుడే కదా అని ఎవరికీ ఇవ్వవద్దు. పురుగు కనిపించకపోయినా గుడ్డు ఉంటుంది.

ఇప్పటికే ఎక్కడైనా కలిపినవారు ఆ సంచిని ఈ వారమే విప్పి చూడాలి. పురుగు కనిపించినా, కనిపించకపోయినా ఆ తవుడు మొత్తాన్ని కాగే నీళ్ళలో వేసి, తర్వాత గుంత తీసి పూడ్చాలి. సంచిని కూడా ఉడకబెట్టాలి. పక్కనున్న పిండి డబ్బాలను జల్లెడ పట్టి ఊరుకోక, మూతలు గట్టిగా బిగించి, సంక్రాంతిదాకా నెలకొకసారి తీసి చూస్తూ ఉండాలి.