పాత కారు కమాన్లు – 5వ భాగం: గ్రీజు అడగని బుష్

పోయిన భాగంలో షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు, అంటే కారు చట్రానికి, కలుపుతూ ఊగే పలకల జత) విప్పి పిన్ను ఎంత అరిగిందో కొలిచాం. ఇప్పుడు ఆ చోట రబ్బరు బుష్ (రంధ్రంలో కూర్చునే గొట్టం లాంటి ముక్క) వేద్దాం.

తొలినాళ్ల కార్లలో కమాను కంట్లో (చివర చుట్టిన రంధ్రంలో) గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్, అందులో తిరిగే స్టీలు పిన్ను ఉండేవి. బురద నేరుగా చిమ్మే చోటది. గ్రీజు ఆరిందంటే దుమ్ము సానరాయి పని చేసేది. సందు పడి, ప్రతి గతుక్కీ కటకటా మోత. గ్రీజు గన్‌లు మెరుగుపడ్డా మోత తాత్కాలికంగానే తగ్గేది, ఎందుకంటే లోహం లోహంమీద రాసుకోవడం ఆగలేదు.

లియోఁ తిరి అనే ఇంజనీరు 1920లలో ఆ రాపిడినే తీసేశాడు. రెండు స్టీలు గొట్టాల మధ్య రబ్బరును పొడవునా సాగదీసి ఎక్కించాడు. సాగిన రబ్బరు పలచబడుతుంది, మళ్లీ లావెక్కాలని చూస్తుంది. చోటు లేక రెండు గొట్టాలనూ బిగించి పట్టుకుంటుంది. జిగురుతో పనిలేదు. ఫ్రాన్స్‌లో రెపుస్సో కంపెనీ దీన్ని ‘సైలెంట్‌బ్లాక్’ పేరుతో అమ్మింది. మన షెడ్లలో సైలెంట్ బుష్ అనేది ఈ రకాన్నే.

ఇందులో ఏదీ జారదు. బయటి గొట్టం కమాను కంటికి, లోపలి గొట్టం బోల్టుకూ షాకిల్ పలకలకూ బిగుసుకుని ఉంటాయి. కదలికంతా రబ్బరు మెలికలోనే. రోడ్డు మోత ఛాసిస్‌కు ఎక్కే ఇనుప దారి కూడా తెగుతుంది.

బుష్‌ను ప్రెస్‌లో ఎక్కించేటప్పుడు బయటి గొట్టం అంచుమీదే నొక్కాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే రబ్బరు పక్కకు జరుగుతుంది. గ్రీజు మాత్రం వద్దు, సహజ రబ్బరు నూనెకు ఉబ్బిపోతుంది.

అసలు పని బోల్టు బిగింపులో ఉంది. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేస్తారు చాలామంది, చేతికి వీలని. లెక్క చూడండి. షాకిల్ పొడవు 75 మి.మీ., గతుకులో కమాను కన్ను 20 మి.మీ. జరిగిందనుకుందాం: మెలిక సుమారు 15 డిగ్రీలు. వేలాడే స్థితికీ కారు నేలమీద నిలిచే స్థితికీ మధ్య ఇంకో 10 డిగ్రీల తేడా ఉంటే, వేలాడుతుండగా బిగించిన బుష్ ఆగి ఉన్న కారులో కూడా 10 డిగ్రీలు మెలి తిరిగే ఉంటుంది. గతుకు పడగానే 25. అలాంటి రబ్బరు త్వరగా చిరుగుతుంది, తప్పు మాత్రం బుష్ నాణ్యత మీదికి పోతుంది.

అందుకే నట్లు చేత్తో తిప్పి వదిలేయండి. కారును చక్రాల మీదికి దించండి, సీట్లలో మామూలు బరువు పెట్టండి, నాలుగు సార్లు ఊపండి, అప్పుడు పానా పట్టండి.

వచ్చే భాగానికల్లా మీ కారు షాకిల్ పొడవు, కన్ను జరిగే దూరం కొలిచి మెలిక ఎన్ని డిగ్రీలో రాసి ఉంచండి. షాక్ అబ్జార్బర్ చివరలకు బుష్ ఎంచడంలో ఇదే లెక్క కావాలి.