చెట్ల నీడన పూసే గడ్డలు: రాకపోతే ఏం చూడాలి?

మేముండేది ఇంగ్లండులో, కెంట్‌లో. దొడ్లో పెద్ద ఓక్ చెట్టుంది. ఫిబ్రవరి వస్తే చాలు, ఇక్కడి మనవాళ్ళు అడిగేది ఒకటే: "అక్కా, సెప్టెంబర్లో స్నోడ్రాప్ (చలికాలం చివర్లో పూసే చిన్న తెల్ల పువ్వు) గడ్డలు ప్యాకెట్ తెచ్చి నాటాం, ఒక్కటీ మొలవలేదేం?"

తప్పంతా ఆ ప్యాకెట్‌దే. మన ఊళ్ళో లిల్లీ గడ్డలు ఆరబెట్టి దాచినా మళ్ళీ వస్తాయి. స్నోడ్రాప్ గడ్డ అలా ఆరిపోతే తట్టుకోదు. రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉంటే ప్రాణముంది. లొట్టగా, తేలిగ్గా ఉంటే డబ్బు దండగ. పూత అయిపోయి ఆకు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు, అంటే ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొక్కలే కొనండి. 'ఇన్ ద గ్రీన్' అంటే నర్సరీ వాళ్ళకు తెలుస్తుంది. ఆకు మొదలు దగ్గర తెల్లగా ఉన్నంత మేరా మట్టిలోకి వెళ్ళాలి. తెచ్చిన రోజే నాటి నీళ్ళు పోయండి. పసుపు పూలు పూసే వింటర్ అకొనైట్ దుంపలు మేకపెంటికల్లా ఎండిపోయి దొరుకుతాయి, వాటిని రాత్రంతా నానబెట్టి నాటండి. ఎరిత్రోనియం (నీడలో పూసే మరో గడ్డ) అయితే ఆరనివ్వనే కూడదు, 10–15 సెం.మీ. లోతున పెట్టండి.

ఆకులొచ్చి పూలు రాలేదంటే ముందు ఇంట్లోవాళ్ళనే అనుమానించాలి. వచ్చే ఏడాది పువ్వుకు తిండి ఈ ఏడాది ఆకే సంపాదించి పెడుతుంది. పూత అయ్యాక కనీసం ఆరు వారాలు కొయ్యకూడదు, ముడి వేయకూడదు. మా ఆయనకి ఏప్రిల్ వస్తే గడ్డి కోసే మోవర్ తీయాలని చేతులు దురద, అందుకే ఆ మూలకి తాడు కట్టేశాను. కుదురు మరీ ఒత్తుగా పెరిగినా పూత తగ్గుతుంది. పూలు అయిపోగానే తవ్వి, విడదీసి నాటండి. ఏడాది పొడుగునా ఆకులుండే లేలాండీ చెట్ల కింద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఓక్ చిగురించేలోపు దొరికే ఎండే వీటికి ఆధారం.

ఉడతలు క్రోకస్‌ని వదలవు, నాటిన చోట కోళ్ళ జాలీ పరచండి. స్నోడ్రాప్, డాఫొడిల్ విషం కాబట్టి పెద్దగా ముట్టుకోవు. చూడ్డానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి, వంటింట్లో మాత్రం పెట్టకండి.

మొలకల మీద బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ కుదురు మొత్తం తీసి చెత్తలో పారేయండి, కంపోస్టులో వద్దు.

ఇక బ్లూబెల్, ఇక్కడి అడవుల్లో నీలంగా పూసే గడ్డ. అడవిలోంచి తవ్వి తేకండి, 1981 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. కొన్నది ఇక్కడిదో స్పానిష్‌దో తెలియాలంటే పువ్వులో పుప్పొడి చూడండి. మీగడ రంగైతే ఇక్కడిది. నీలమైతే స్పానిష్‌దో సంకరమో అయ్యుంటుంది. దగ్గర్లో అడవుంటే అలాంటివి అందులోకి పాకకుండా, విత్తనం కట్టకముందే తీసేయండి. గడ్డ లోతుగా ఉంటుంది, పారతో తెగిపోతుంది, ఫోర్కు వాడండి.