ఒకే మిషను, నాలుగు జాబులు: ఏది ముందు ఎక్కించాలి?

బాలానగర్‌లో మాలాంటి చిన్న మిషన్ షాపుల్లో ప్లానింగ్ అంటే చాలాచోట్ల ఓనరు సెల్‌ఫోనే. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల జాబు, అంటే వాళ్లిచ్చిన పని, మిషనెక్కుతుంది. ఆ టెన్షన్ వద్దనుకుంటే ఒక తెల్లకాగితం తీసుకోండి.

ఉన్నది ఒక్క వీఎంసీ (లోహాన్ని కోసి ఆకారం తెచ్చే కంప్యూటర్ మిషను) అనుకుందాం. వచ్చిన వరసలో నాలుగు జాబులు: ప్లేటు 6 గంటల పని, మొదలుపెట్టిన 20వ గంటకి ఇవ్వాలి, ఫ్లాంజ్ 2 గంటలు, గడువు 18, బ్రాకెట్ 9 గంటలు, గడువు 10, కవరు 3 గంటలు, గడువు 8. సెట్టింగ్ టైము, అంటే జాబుని మిషను మీద బిగించి సిద్ధం చేసే టైము కూడా ఇందులోనే కలిపి రాయాలి. ఆపరేటర్‌ని అడిగితే కటింగ్ టైము మాత్రమే చెప్తాడు, జాగ్రత్త.

వచ్చిన వరసలోనే చేస్తే బ్రాకెట్ 7 గంటలు, కవరు 12 గంటలు లేటు. చిన్న జాబు ముందు అనే పద్ధతిలో ఒక్కో జాబు సగటున 9.5 గంటలకే బయటపడుతుంది, మొదటి పద్ధతిలో అది 12.75. చూడ్డానికి బాగుంటుంది. కానీ బ్రాకెట్ చివరికి పోయి 10 గంటలు లేటవుతుంది. రోజూ చిన్న జాబులు వస్తూనే ఉంటే దానికి ఇక వంతే రాదు. ముందు ఎవరికివ్వాలో వాళ్లది ముందు అంటే వరస కవరు, బ్రాకెట్, ఫ్లాంజ్, ప్లేటు. సగటు 12.25కి పెరుగుతుంది, లేటయ్యేది మాత్రం బ్రాకెట్ ఒక్కటే, అదీ 2 గంటలు.

కవరు, బ్రాకెట్ కలిపి 12 గంటల పని, రెండూ 10వ గంటలోపే కావాలి. కాబట్టి ఆ 2 గంటల్ని ఏ వరసా తప్పించలేదు. కవరుని పక్క షాపుకి జాబ్‌వర్కుకి పంపాలి, లేదా బ్రాకెట్ పార్టీకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి.

లేటుకి పెనాల్టీ కోసే కంపెనీలకి పని చేస్తుంటే నా ఓటు గడువు పద్ధతికే. రిపేరు పనులు, గడువు లేని చిల్లర జాబులైతే చిన్నవి ముందు తోసేయండి.

వీఎంసీ తర్వాత గ్రైండింగ్ కూడా ఉంటే లెక్క మారుతుంది. జాబులన్నీ తొందరగా అయిపోవడానికి 1954లో జాన్సన్ అనే గణిత పరిశోధకుడు చెప్పిన నియమం ఇది: జాబులన్నిటిలో, రెండు మిషన్ల మీదా కలిపి, అన్నిటికంటే తక్కువ టైము వెతకండి. అది మొదటి మిషను మీదైతే ఆ జాబు ముందుకి, రెండోదాని మీదైతే చివరికి. మిగిలినవాటికీ అలాగే. ఒక జాబు వీఎంసీలో 2, గ్రైండింగ్‌లో 7 గంటలు. ఇంకోటి 6, 1 అనుకోండి. మొదటిది ముందు ఎక్కిస్తే రెండూ 10 గంటల్లో అయిపోతాయి, తిరగేస్తే 15. గ్రైండర్ ఖాళీగా కూర్చోవడమే ఆ తేడా.

మధ్యలో అర్జెంటు ఆర్డరొస్తే కాగితం మీద కొత్త వరస రాయండి. దేని గడువు తప్పుతుందో ఓనరుకి చూపించి, అతనితోనే ఆ పార్టీకి ఫోన్ చేయించాకే సెట్టింగ్ విప్పండి.