డీజిల్ ఇంజిన్ హెడ్ స్టడ్లు - 3వ పాఠం: ఒకటి తీసి, ఒకటి వేసి

పోయిన రెండు పాఠాల్లో ఇంజిన్‌ని పరిచయం చేసుకున్నాం. 1989 నుంచి 1998 దాకా అమెరికాలో డాడ్జ్ ర్యామ్ పికప్పుల్లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇది, 12 వాల్వులది. మనవాళ్ళకు మరీ కొత్తేం కాదు. దీని అన్నదమ్ములే జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ ఫ్యాక్టరీలో తయారై టాటా లారీల్లో మన రోడ్ల మీద తిరిగాయి. తేడా ఎక్కడంటే, ఇక్కడ దానితో లోడు మోయించారు. అక్కడి కుర్రాళ్ళు టర్బో (ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపేది) మార్చి, డీజిల్ పంపు పెంచి, స్లెడ్ (బరువు బండి) లాగే పందేలకు తోలుకెళ్తారు. హెడ్ అంటే సిలిండర్ల మీద మూత, దాన్ని కింద ఉన్న ఇంజిన్ దిమ్మెకి, అంటే బ్లాక్‌కి, పట్టి ఉంచేవే హెడ్ బోల్టులు. ఫ్యాక్టరీ వేసిన ఆ బోల్టు పందేల కోసం చేసింది కాదు. అందుకే వాటి చోట స్టడ్లు వేస్తాం.

పానా పట్టుకునే ముందు ఒక చిన్న లెక్క. సిలిండర్ వెడల్పు 102 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 82 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. లోపల మంట పేలినప్పుడు ఒత్తిడి 150 బార్‌కి వెళ్ళిందనుకోండి. ఆ ఒక్క సిలిండరే హెడ్‌ని పన్నెండున్నర టన్నుల బలంతో పైకి తోస్తుంది. హెడ్‌కి మొత్తం 26 బోల్టులు, ఒక్కో సిలిండర్ చుట్టూ ఆరు. పక్కపక్క సిలిండర్ల మధ్య ఉన్నవి రెండింటికీ ఉమ్మడి. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, పెంచేకొద్దీ ఆ తోపు పెరుగుతుంది. హెడ్ వెంట్రుకవాసి లేచినా చాలు, హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే ఇనుప కట్టు పక్కనుంచి మంట దారి చేసుకుంటుంది. ఒకసారి దారి దొరికాక మళ్ళీ మళ్ళీ అదే దారిన వస్తుంది.

బోల్టుకి, స్టడ్‌కి తేడా ఏంటని చాలామంది అడుగుతారు. బోల్టు బిగించేటప్పుడు ఒళ్ళంతా మెలి తిరుగుతూ సాగుతుంది. కింద బ్లాక్‌లో ఉన్న పోత ఇనుము థ్రెడ్లని ఒరుసుకుంటూ దిగుతుంది. స్టడ్‌ని అయితే బ్లాక్‌లోకి చేత్తో దించి వదిలేస్తాం. పైన సన్న థ్రెడ్ మీద నట్టు మాత్రమే తిరుగుతుంది. మెలి తక్కువ, సాగడం ఎక్కువ. మనకు కావాల్సింది ఆ సాగడమే, ఎందుకంటే స్టడ్ అంటే నిజానికి గట్టి స్ప్రింగు. పైగా ఉక్కు రకం కూడా వేరు. ఏఆర్‌పీ (స్టడ్లు చేసే అమెరికా కంపెనీ) 2000 రకం స్టడ్ తెగాలంటే చదరపు అంగుళానికి దాదాపు 2,20,000 పౌండ్ల లాగుడు కావాలి.

ఇక అసలు పని. ఈ ఇంజిన్‌లో హెడ్ దించకుండానే ఒక బోల్టు తీసి, అక్కడే ఒక స్టడ్ వేసి, తర్వాతి దానికి వెళ్ళొచ్చు. ఒక్కటి వదులైనా మిగతా 25 గ్యాస్కెట్‌ని పట్టుకునే ఉంటాయి. అయితే గ్యాస్కెట్ బాగున్న బండికే ఈ పద్ధతి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పైపు రాయిలా గట్టిపడినా, కూలెంట్‌లో బుడగలు వచ్చినా హెడ్ దించాల్సిందే. పోయిన గ్యాస్కెట్ మీద ఎంత మంచి స్టడ్ వేసినా డబ్బు దండగ.

ఇంజిన్ రాత్రంతా చల్లారాలి. ఆరు వాల్వు కవర్లూ తీయండి, అడ్డొచ్చే పైపులు కూడా. ట్యాపెట్ స్క్రూలు (వాల్వు సందులు సరిచేసేవి) ముందే వదులు చేసుకోండి. హెడ్ మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్ళాలి, మాన్యువల్‌లో నంబర్లు వేసి ఉంటాయి. ఆరు పొడుగు బోల్టులు రాకర్ స్టాండుల (వాల్వుల్ని నొక్కే రాకర్లను మోసేవి) గుండా దిగుతాయి. వాటి దగ్గర స్టాండు పక్కనున్న చిన్న 8 మిల్లీమీటర్ల బోల్టు కూడా ఊడదీసి, స్టాండు ఎత్తి, స్టడ్ దించాక మళ్ళీ పైనుంచి తొడగాలి.

బోల్టు బయటికొచ్చాక తొందరపడకండి. ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. రంధ్రంలో నూనె, చెత్త నిలిచి ఉంటాయి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె వదిలేసి స్టడ్ దించితే ఆ నూనె ఎటూ పోలేక బ్లాక్‌నే పగలగొట్టగలదు. సన్న పైపు పెట్టి గాలి కొట్టండి, కళ్ళద్దాలు మర్చిపోవద్దు. థ్రెడ్ శుభ్రానికి కోత ట్యాప్ వాడొద్దు, అది ఉన్న ఇనుమునే గీకేస్తుంది. పాత బోల్టు ఒకదానికి నిలువునా రెండు గాళ్ళు కోసి, చేత్తో తిప్పండి. మురికి ఆ గాళ్ళలోకి వచ్చేస్తుంది. గుడ్డతో తుడిచి, ఇంకోసారి గాలి కొట్టండి. స్టడ్ చేతివేళ్ళతోనే అడుగుదాకా దిగాలి. మధ్యలో బిగుసుకుంటే తీసి మళ్ళీ శుభ్రం చేయాలి తప్ప, పానా వేసి తోయకూడదు.

తర్వాత లూబ్రికెంట్. టార్క్ రెంచి (పెట్టిన అంకెకి చేరగానే టిక్కుమనే పానా) చూపించేది బిగింపుని కాదు, మనం పెట్టిన శ్రమని. ఆ శ్రమలో రూపాయికి 90 పైసలు రాపిడికే పోతాయి: సుమారు సగం నట్టు కింద, మిగతాది థ్రెడ్‌లో. స్టడ్‌ని సాగదీసేది మిగిలిన పది పైసలే. కాబట్టి రాపిడి కొంచెం మారితే బిగింపు చాలా మారిపోతుంది. నేను మొదటిసారి కిట్‌తో వచ్చిన లూబ్రికెంట్ అయిపోయిందని నాలుగు స్టడ్లకి ఇంజిన్ ఆయిల్ పూసి సరిపెట్టుకున్నా. రెంచి అన్నిటికీ ఒకే అంకెకి టిక్కుమంది, పట్టు మాత్రం ఒకటి కాలేదు. రాత్రి నిద్ర పట్టలేదు, టెన్షన్. మర్నాడు ఆ నాలుగూ విప్పేశా. మీరు పై థ్రెడ్‌కీ, నట్టు అడుగుకీ, వాషరు పై ముఖానికీ అదే లూబ్రికెంట్ సమానంగా పూయండి. వాషరు కింది ముఖానికి పూయక్కర్లేదు, అది హెడ్‌ని పట్టుకుని తిరగకుండా ఉండాలి.

ఒక్కో స్టడ్‌నీ వేసిన వెంటనే 90 అడుగు-పౌండ్లకు బిగించి పక్కదానికి వెళ్తాను. 26 పూర్తయ్యాక మధ్యనుంచి బయటికి రెండు చుట్లు: ఒకసారి 110, చివరికి 125, అంటే దాదాపు 170 న్యూటన్ మీటర్లు. ఇది ఏఆర్‌పీ 2000 రకం 12 మిల్లీమీటర్ల స్టడ్లకి, వాళ్ళ లూబ్రికెంట్‌తోనే. మీ కిట్ కాగితం మీద వేరే అంకె ఉంటే కాగితం మాటే వినండి. రెంచిని ఆపకుండా ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆపి మళ్ళీ కదిలిస్తే అది ముందే టిక్కుమంటుంది.

స్టాండుల చిన్న బోల్టులు 24 న్యూటన్ మీటర్లు చాలు. వాల్వు సందులు చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్‌కి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.50. కవర్లు వేసి స్టార్ట్ చేయండి, పూర్తిగా వేడెక్కనిచ్చి ఆపండి. మళ్ళీ రాత్రంతా చల్లారాక కవర్లు తీసి, ఒక్కో నట్టునీ పావు తిప్పు వదిలి, అదే వరుసలో 125కి బిగించండి. వదలకుండా ఊరికే రెంచి పెట్టి చూస్తే అతుక్కున్న నట్టు కదలకుండానే టిక్కుమంటుంది. బాగానే ఉందని మోసపోతారు. హెడ్ కొంచెం కిందికి దిగి ఉంటుంది కనుక వాల్వు సందులు మళ్ళీ చూడండి. ఏ నట్టు మిగతావాటి కంటే ఎక్కువ తిరిగిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. 4వ పాఠం ఆ పేజీతోనే మొదలవుతుంది.